ఇంతదాకా చూసినం

నయీంనగర్‌ల మూడో అంతస్తు మీద అద్దె గది,
గది మీద రేకుల షెడ్డు, షెడ్డు మీద వెదురుకట్టె,
కట్టె కొసకు రెండుంముప్పావు అంగుళాల రాగితీగ.
అంకూస్ దాన్ని స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచి
నాలుగోసారి కోసిండు.
ఆ జానెడు కూడ లేని తీగకు
నాగపూర్ దిక్కునుంచి వచ్చే విమానాలు
తమ నంబరు, ఎత్తు, వేగం చెప్పుకుంట పోతయంటే
మొదటి రాత్రిదాకా నేను నమ్మలే.

తీగ, పెట్టె అంకూస్‌వి.
వచ్చిన అంకెల్ని సర్వర్‌ల సర్దేది గుగులోతు మోతీలాల్.
మ్యాపు నాది.
తప్పులు పట్టేది తబస్సుమ్.
ఆమె కన్నుగప్పి మా కోడ్‌ల చుక్క కూడ దాటదు.

మొదటి తప్పు నాదే.
అక్షాంశం రాసే చోట రేఖాంశం రాసిన.
మే నెల, నలభై నాలుగు డిగ్రీలు,
కూలర్‌ల నీళ్లయిపోయి ఎండుగడ్డి వాసన.
తెర మీద మాత్రం మా హన్మకొండ
ఉత్తర ధ్రువం పక్కన ఓ మంచుదీవిల ఉన్నది!
హైదరాబాద్‌ల దిగాల్సిన విమానాలు
తెల్ల ఎలుగుబంట్ల మీదికి వరుసగ పోతున్నయి.
నవ్వి నవ్వి మోతీలాల్ కుర్చీలకెల్లి జారిండు.
"ఉండనియ్యి, జర సల్లగుంటది" అన్నది తబస్సుమ్.

రెండోది ఎవరి తప్పూ కాదు.
పొద్దుగాల లేచి చూస్తే ఆకాశం ఖాళీ.
గంటసేపు కోడంతా గాలించినం.
ఏ లైను ఎవరు రాసిండ్రో పక్కన పేరుంటది కద,
ఆ పేర్లు పట్టుకొని ఒకరినొకరు అనుకున్నం,
అనరాని మాటలు కూడ.
ఆఖరికి ఇంటి ఓనరు రాజమొగిలి సారు
వంకరపోయిన రాగితీగతోని మెట్లెక్కి వచ్చిండు.
"ఇది మీదేనా బిడ్డా?
పిట్టగోడ మీద కోతి దీనితోని చెవి గోక్కుంటాంది."

అసలు పంచాది భూపాలపల్లి అవతల.
అడవి మీదికి పోయినంక మా తీగకు వినపడదు.
తెర మీద విమానం ఆగిపోతది,
గాలిల దిగ్గొట్టిన మేకు లెక్క.
"అదే దిక్కుకు, అదే వేగంతోని మనమే నడిపిద్దాం,
ఇంకెటు పోతది?" అన్నడు మోతీలాల్.
"పోయింది నువ్వు చూసినవా?" అన్నది తబస్సుమ్.
రాత్రి పదకొండు నుంచి రెండున్నర దాకా ఇదే.
తెచ్చుకున్న సర్వపిండి చల్లారి చెప్పు అట్టయింది.

అప్పుడు వాళ్ల అబ్బా ముచ్చట తీసింది.
కాజీపేట క్యాబిన్‌ల ముప్పై ఏండ్లు రిజిస్టర్ రాసిన మనిషి.
పక్క స్టేషను విడిచిందని ఫోనొస్తే
"విడిచింది" అని రాస్తడట, అంతే.
ఆఖరి డబ్బా వెనక ఎర్రదీపం
కండ్లార చూసినంకనే నిమిషం వేస్తడట.
అప్పటిదాకా ఆ గడి ఖాళీ.
"ఖాళీ గడికి ఎవ్వడు జుర్మానా వెయ్యడు" అంటడట.

మోతీలాల్ ఏమనలే. చాప పరుచుకొని పండుకున్నడు.
తెల్లారి చూస్తే రాసిపెట్టిండు:
సిగ్నల్ పోయిన విమానం
నిమిషంపాటు పలచబడి, పలచబడి
మాయమైతది.
పోయిన చోట రెండే మాటలు,
"ఇంతదాకా చూసినం".
ఆ అక్షరాలకు బూడిదరంగు నేను ఎంచిన.
అంకూస్‌కు నచ్చలే. ఇప్పటికీ నచ్చలే.

మామునూరుల పాత రన్‌వే ఉన్నది గాని
మా మ్యాపుల దిగేదొక్కటి లేదు,
అన్నీ మీదికెల్లి పోయేటియే.
మాపటేళ బట్టలు తీయనీకి వచ్చిన సారు భార్య కనకలచ్చి పెద్దమ్మ
నా ఫోన్‌ల చుక్కను, పైన తెల్లగీతను
మార్చి మార్చి చూసింది.
"మనం చూస్తున్నట్టు వాళ్లకెరుకేనా?"

మా నలుగురిల ఒక్కరం విమానమెక్కలే.
టికెట్ అంటే మాకు సరిచేయాల్సిన పని పేరు.
తబస్సుమ్ కొత్త టికెట్ ఒకటి తెరిచి
పెద్దమ్మ మాట ఉన్నదున్నట్టు ఎక్కించింది.
ఎవరికి అప్పజెప్తవని అడిగితే
ఆ గడి ఖాళీగ ఉంచింది.